మడ మొక్కలకి మంచినీళ్ళు

మా ఆయనకి పని దొరికిందని గుడివాడలో ఉండే మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "ఈ వయసులో ఏం పనే? ఎక్కడ?" అంది అక్క. "గిలకలదిండి రేవు ఒడ్డున. జీతం లేదు, సెలవు లేదు, బురద మాత్రం కావలసినంత" అన్నాను. దానికి అక్క, "పోనీలేవే, ఇంట్లోంచి కదిలారు కదా" అంది. సరిగ్గా నా మనసులో ఉన్న మాట అదే.

మాది కాస్త విడ్డూరమైన కాపురం. నేను బందరు పోస్టాఫీసులో కౌంటర్ ముందు కూర్చుని సర్వీసంతా గడిపాను. ఆయన దివిసీమలో, హంసలదీవి వెళ్ళే దారిలో ఉన్న సొంతూళ్ళో వ్యవసాయం చేశారు. వారానికోసారి బస్సు దిగి ఇంటికి వచ్చే మొగుణ్ణి చూసి మా వీధివాళ్ళు మొదట్లో చుట్టం అనుకునేవారు. ఆ తర్వాత పొలం చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి. నేలకి ఉప్పు ఎక్కింది, వరి కంకి పట్టడం మానేసింది. కొన్నాళ్ళు పెనుగులాడి, చివరికి ఆ చేనూ చెరువుకే లీజుకిచ్చేసి ఆయన బందరు వచ్చేశారు. అదే ఏడు నేనూ రిటైరయ్యాను. ఇన్నేళ్ళకి ఒకే ఇంట్లో ఇద్దరం కుదురుగా ఉండబోతున్నామని తెగ సంబరపడ్డాను.

సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. పొద్దున్నే లేచి మబ్బు చూసేవారు. వాన పడితే ఎవరికి, పడకపోతే ఎవరికి? ఆ సంగతి ఆయనకీ గుర్తొచ్చి లోపలికి వచ్చి టీవీ పెట్టుకునేవారు. పెరట్లో ఉన్న ఒక్క కరివేపాకు చెట్టుకి ఎకరం చేనుకి చూపే శ్రద్ధతో ఎరువు వేసి దాన్ని చంపేశారు. అది పోయాక ఇక మాటలే తగ్గిపోయాయి. పెళ్ళయిన దగ్గర్నుంచి కూరలో ఉప్పు ఎక్కువైందనీ, పులుసు పలచగా ఉందనీ నన్ను సాధించిన మనిషి, ఏం పెట్టినా తలొంచుకుని తిని లేచిపోవడం మొదలుపెట్టారు. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వెయ్యలేదు. అదీ తినేశారు. నాకు నిజంగా భయం వేసింది.

అందుకే ఒడ్డు కమిటీ పుట్టినప్పుడు నేను ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను.

కమిటీ ఎలా పుట్టిందంటే, రేవు రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ళంతా నడక తక్కువ, టీ ఎక్కువ మనుషులు. రేవు దగ్గర టీ బడ్డీ పెట్టుకున్న ఒకావిడ ఉంది, చేపలు పట్టే పల్లెకారుల ఇంటి మనిషి. ఆవిడ బల్ల మీద అందరూ కూర్చుని, ఎదురుగా కాలవ ఒడ్డు ఎంత పాడైపోయిందో చెప్పుకుని బాధపడేవారు. బాధపడాల్సిందే మరి. చిరిగిన నైలాన్ వలలు, థర్మాకోల్ పెట్టెలు, మందు సీసాలు, చవితికి నిమజ్జనం చేసిన వినాయకుళ్ళ తొండాలూ చేతులూ, అన్నీ ఆ బురదలోనే. పడవలు వచ్చి ఆగే రేవుకీ, సముద్రంలోకి పోయే కాలవకీ మధ్య ఆ ఒడ్డు మొత్తం ఊరి చెత్తబుట్ట అయిపోయింది. అలా బాధపడుతూ ఉండగా ఓ రోజు రిటైర్డ్ హెడ్మాస్టారు, "మాటలతో ఏం లాభమండీ, కమిటీ వేద్దాం" అన్నారు. వేశారు. అధ్యక్షుడు ఆయనే. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల షాపున్న ఒకాయన కోశాధికారి. బజారులో బేకరీ నడిపే సాయిబుగారు కార్యదర్శి. మిగతా అందరూ కార్యవర్గ సభ్యులు, అంటే ఎవరికి వారు పెద్దే.

మొదటి ఆదివారం ఒక్క ప్లాస్టిక్ కవరు ఏరకముందే బ్యానర్ కట్టారు. శాలువాలు కప్పుకున్నారు. హెడ్మాస్టారు రేవు చరిత్ర గురించి మాట్లాడుతూ ఉండగా ఎండ నెత్తికెక్కింది. ఆ రోజుకి పని అయిపోయింది. ఆ సాయంత్రం గాలికి బ్యానర్ తాళ్ళు తెంపుకుని ఎగిరిపోయింది. మర్నాడు మేము బురదలోంచి ఏరిన చెత్తలో మొట్టమొదటిది మా బ్యానరే. అందులో హెడ్మాస్టారి ఫొటో మీద పీత ఒకటి తాపీగా కూర్చుని ఉంది.

రెండో ఆదివారం చిలకలపూడి ఆయన అందరికీ టిఫిన్ తెప్పించారు. ఇడ్లీలు ప్లాస్టిక్ కవర్లలో, చట్నీ ప్లాస్టిక్ పొట్లాల్లో, మంచినీళ్ళు ప్లాస్టిక్ ప్యాకెట్లలో. తిన్నవాళ్ళు తిన్నచోటే పడేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ ఇది? మనం ఏరింది ఎక్కువా, వేసింది ఎక్కువా? పెద్దమనుషులయ్యుండీ సిగ్గు లేకపోతే ఎలా?" అని అరిచాను.

హెడ్మాస్టారు చట్నీ తుడుచుకుంటూ, "పోస్టాఫీసులో కూడా ఇలాగే మాట్లాడేవారా అమ్మా?" అన్నారు.

"స్టాంపు అంటించకుండా కవరు డబ్బాలో వేసినవాళ్ళతో ఇంకా గట్టిగా మాట్లాడేదాన్నండీ" అన్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి అరిటాకుల్లో పెట్టారు. సాయిబుగారైతే నన్ను చూడగానే బిస్కెట్ పొట్లం కాగితంతో సహా జేబులో దాచుకునేవారు.

ఇంత జరుగుతున్నా మా ఆయన మాత్రం పడవల తాడు చుట్టే దిమ్మ మీద కూర్చుని, ఎవరైనా అడిగితే ఊ కొట్టడం తప్ప ఏమీ చేసేవారు కాదు. నేను సంచీ చేతికిస్తే ఏరేవారు. తిరిగి తీసుకుంటే ఊరుకునేవారు.

ఒడ్డు కాస్త బయటపడ్డాక అటవీ శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నెత్తిన టోపీ, వెనకాల ట్రాలీ నిండా నల్ల సంచుల్లో మొక్కలు. మడ మొక్కలవి. బురదలో ఈ మొక్కలు వేళ్ళూనితే ఒడ్డు కోసుకుపోదనీ, తుఫాను గాలిని కాస్త ఆపుతాయనీ, రొయ్యపిల్లలూ చేపపిల్లలూ వీటి నీడనే పెరుగుతాయనీ చెప్పింది. ఒడ్డులో ఒక ముక్కకి సరిపడా మొక్కలు మాత్రం ఇవ్వగలనంది. "ఈ ముక్కలో మొక్కలు బతికితే మిగతా ఒడ్డంతటికీ ఇప్పిస్తాను సార్. ఇవి పోతే మళ్ళీ అడగలేను." కర్రతో బురద మీద గీసి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో, చిన్న కాలవలు ఎలా తీయాలో చూపించబోయింది.

మావాళ్ళు చెప్పనిస్తేగా! అక్కడున్నవాళ్ళలో సగం మంది పొలాలున్నవాళ్ళు. పొద్దున్న నడకకి బందరులో ఉంటారు గానీ, మనసు మాత్రం బంటుమిల్లిలోనో అవనిగడ్డలోనో గట్టు మీదే ఉంటుంది. "నాట్ల సంగతి మాకు చెప్పాలా అమ్మా? చేలోనే పుట్టాం" అన్నారు ఒకరు. "నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా తల్లీ" అన్నారు హెడ్మాస్టారు. ఆ అమ్మాయి ట్రైనింగుకి వెళ్ళాలట. వెళ్ళింది.

మర్నాడు తలో చోటా మొక్కలు గుచ్చడం మొదలుపెట్టారు. అప్పుడు దిమ్మ మీంచి ఒక గొంతు వినిపించింది.

"అట్టా కాదండీ."

అందరూ వెనక్కి తిరిగారు. నేనూ తిరిగాను. మాట్లాడింది మా ఆయన. లుంగీ పైకి కట్టి బురదలోకి దిగారు. "వరసన్నది ఉండొద్దా? తాడు తెండి. ఆ మొక్క అంత లోతుకి పెడితే ఊపిరాడుద్దా? లెయ్యండి, మీరు లెయ్యండి" అని చిలకలపూడి ఆయన చేతిలోంచి మొక్క లాక్కున్నారు. సాయంత్రానికి తాడు పట్టి గీసినట్టు వరసలు వచ్చాయి. ఆఖరి మొక్క నాటాక నడుం మీద చెయ్యి వేసుకుని అందరి ముందూ అన్నారు: "ఇవి బతికించే పూచీ నాది."

ఆ మాట వినగానే నాకు ఎంత సంతోషమేసిందో అంత భయమూ వేసింది. ఇవి బతికితే మా ఆయన బతుకుతారు. ఇవి పోతే ఆ కరివేపాకు చెట్టు తర్వాత ఏమైందో నేను చూశాను కదా.

ఇక గట్టు సంగతి. దాని మీద కమిటీలో చర్చే జరగలేదు. టీ తాగాలా కాఫీ తాగాలా అన్నదానికి కూడా గంటసేపు కొట్టుకునే మనుషులు గట్టు విషయంలో ఒక్క మాట లేకుండా ఏకమైపోయారు. ఎందుకంటే డెల్టాలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేని సంగతి ఒకటుంది. చేలోకి ఉప్పునీరు రాకూడదు. నాటు వేశాక మొదటి పని ఉప్పునీటికి అడ్డంగా గట్టు వెయ్యడం. అంతే. చేతులు వాటంతటవే పారలు అందుకున్నాయి.

సాయిబుగారొక్కరే నసిగారు. ఆయన తాతముత్తాతల నుంచీ బేకరీయే. "అన్నగారూ, ఇవి సముద్రం మొక్కలు కదా. వీటికి ఉప్పు పడదా?"

"పసిమొక్కలు సాయిబుగారూ" అన్నారు హెడ్మాస్టారు ఎంతో జాలిగా. "పుట్టగానే పిల్లలకి ఆవకాయ పెడతామా? ముందు మంచినీళ్ళు పట్టాలి. కాస్త ముదిరాక అవే అలవాటు పడతాయి."

ఎంత సబబుగా ఉందో చూడండి! నేను కూడా తలూపాను. సాయిబుగారు కూడా ఊపారు.

మా ఆయన కట్టిన గట్టు గురించి చెప్పకపోతే పాపం. జిగటమట్టి తొక్కి, మధ్యలో గడ్డి వేసి, పారతో అంచులు నున్నగా చెక్కి, మీద మనిషి నడిచినా అడుగు పడనంత గట్టిగా కట్టారు. దానిని చూడ్డానికి రేవులో పడవలవాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. టీ బడ్డీ ఆవిడ నవ్వుతూ, "బాబాయిగారూ, సముద్రానికి తలుపేశారేంటండీ?" అంది. "తలుపే కాదమ్మా, గొళ్ళెం కూడా వేశాను" అన్నారు మా ఆయన. ఆయన పరాచికాలాడి ఎన్నాళ్ళయిందో! నేను పొంగిపోయాను.

చిలకలపూడి ఆయన తన ఖర్చుతో మంచినీళ్ళ ట్యాంకర్ పంపించేవారు. ఎవరో గుప్పెడు యూరియా చల్లారు. "బలానికి" అన్నారు. ఇంకెవరో పసుపూ కుంకుమా చల్లి కొబ్బరికాయ కొట్టారు. హెడ్మాస్టారు ఆ అటవీ శాఖ అమ్మాయికి రోజూ ఫోన్లో ఫొటోలు పంపేవారు. ఆ ఫొటోల్లో కమిటీ సభ్యులే ఉండేవారు, మొక్కలు వాళ్ళ వెనకాల ఎక్కడో. పాపం ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

మా ఇంట్లో మాత్రం పండగే. ఆయన తెల్లారకుండానే స్కూటర్ తీసేవారు. తిరిగొచ్చి చెప్పిందే చెప్పేవారు. ఫలానా వరసలో మూడో మొక్క చిగురేసిందే, చివరి వరస కాస్త వెనకబడిందే. ఒకరోజు కంచం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఇది సాంబారా, సముద్రమా? ఇంతుప్పు ఎవరు తింటారే?" అని అరిచారు. వంటింట్లోకి వెళ్ళి దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇలా ఉండగా ఆకులు పసుపు తిరిగాయి.

ముందు చివరి వరస. తర్వాత మధ్యవి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకో ట్యాంకర్ పోయించారు. ఎక్కువయ్యాయేమోనని చేదతో తోడించారు. గట్టు లోపల నీరు పచ్చగా నిలవుండి వాసన కొట్టడం మొదలుపెట్టింది. ఓ రోజు మా ఆయన ఒక పసుపు ఆకు తుంచి రుమాల్లో చుట్టుకుని, రైతులంతా చేసే పనే చేశారు. పురుగుమందుల షాపుకి తీసుకెళ్ళి చూపించారు. నేనూ స్కూటర్ వెనకాల ఉన్నాను.

షాపతను ఆకుని అటూ ఇటూ తిప్పి, "ఏం పైరండీ ఇది?" అన్నాడు.

"మడ."

అతను ఆయన మొహంలోకి ఓసారి, నా మొహంలోకి ఓసారి చూశాడు. "మడకి మందు కొట్టేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండీ" అన్నాడు. అంటూనే జింకు డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. వ్యాపారం వ్యాపారమే కదా. ఆ జింకూ పడింది. ఆకులు రాలడం మొదలైంది.

మా ఆయన మళ్ళీ సాంబారు గురించి ఏమీ అనడం మానేశారు. స్కూటర్ తీసేవారు, వెళ్ళేవారు, వచ్చేవారు. ఏ వరస ఎలా ఉందో చెప్పేవారు కాదు. నేను అడిగితే, "ఆ" అనేవారు. నాకు ఆ మొక్కల మీద కోపం వచ్చింది. ఒట్టి బురద మొక్కలు, ఎక్కడ పడితే అక్కడ పెరిగేవి, మా ఆయన దగ్గరికి వచ్చేసరికి వాటికి ఏం రోగం?

ట్రైనింగ్ ముగించుకుని అటవీ శాఖ అమ్మాయి వచ్చిన రోజున కమిటీ అంతా ఒడ్డునే ఉంది. ఆ అమ్మాయి దూరం నుంచే ఆగిపోయింది.

"అంకుల్, ఈ గట్టు ఎవరు కట్టారు?"

"అందరం కలిసే" అన్నారు హెడ్మాస్టారు, వినయంగా.

"ఎందుకు?"

"ఉప్పునీళ్ళు రాకుండా."

ఆ పిల్ల వచ్చి గట్టు మీద కూర్చుంది. "మంచినీళ్ళు పోశారా?"

"రోజూ!" అన్నారు చిలకలపూడి ఆయన, మెచ్చుకుంటుందేమోనని.

"యూరియా వేశారా?"

"గుప్పెడే" అని ఎవరో వెనకనుంచి చిన్నగా అన్నారు.

ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. తర్వాత "సారీ అంకుల్" అని కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది. ఈ మొక్కలకి ఉప్పునీరే కావాలి. అదీ నిలవ నీరు కాదు, రోజుకి రెండుసార్లు పోటుకి వచ్చి పాటుకి తీసిపోయే నీరు. నీళ్ళు తీసిపోయినప్పుడు వేళ్ళకి గాలి తగలాలి. ఇలా మూసేస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. "ఇప్పటికీ మించిపోలేదు. సగానికి పైగా మొక్కలు కాండం మొదట్లో ఇంకా పచ్చగానే ఉన్నాయి. కానీ ఆలస్యం చెయ్యకండి. రేపే ఈ గట్టుకి గండి కొట్టెయ్యండి."

సాయిబుగారు హెడ్మాస్టారి వైపు చూశారు. హెడ్మాస్టారు సముద్రం వైపు చూశారు. టీ బడ్డీ ఆవిడ దగ్గరికి వచ్చి, "చెబుదామనే అనుకున్నామండీ. బాబాయిగారు అంత ముచ్చటగా కట్టుకుంటుంటే నోరు రాలేదు" అంది. అందరూ నవ్వేశారు. మావాళ్ళలో ఆ మంచిగుణం ఉంది, తమ మీద తాము నవ్వుకోవడానికి మొహమాటపడరు.

నవ్వనిది ఒక్కరే. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా చేత్తో నేను గండి కొట్టను" అన్నారు. "ఉప్పునీళ్ళని లోపలికి రమ్మనను. మీరు కొట్టుకోండి. నేను చూడను." స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయారు. నేను ఆటోలో ఇంటికి వచ్చాను.

"కష్టపడి కట్టుకున్న గట్టు కదా, ఆయనకి మనసు ఒప్పడం లేదు" అనుకున్నారట కమిటీవాళ్ళు. నాకు తెలుసు, గట్టు మీద ప్రేమ కాదది.

మా అత్తగారు పోయేదాకా నా దగ్గరే ఉన్నారు. పెళ్ళైన కొత్తల్లో ఓ మధ్యాహ్నం గోంగూర వలుస్తూ చెప్పారు. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఈయనకి ఇంకా మీసం కూడా రాలేదు. ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే పెద్దవాళ్ళు ముసలాళ్ళని అటక ఎక్కించే హడావుడిలో ఉండి, చెల్లిని పట్టుకోరా అని ఈయనకి అప్పగించారు. చిన్నపిల్ల, బడిలో కూడా వెయ్యలేదు ఇంకా. ఈయన చెయ్యి పట్టుకునే ఉన్నారు. నీళ్ళు లాగేసుకున్నాయి. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఆ ఉప్పునీరు ఊళ్ళోనే నిలబడిపోయిందట, చేలల్లో, ఇళ్ళల్లో, ఎటు చూసినా. పిల్ల దొరకలేదు. "వాణ్ణి ఎప్పుడూ అడక్కే అమ్మా" అన్నారు అత్తగారు. నేను అడగలేదు. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్ర స్నానానికి వెళ్తే ఆయన గుడి దగ్గరే ఉండిపోతారు. నేను తడిబట్టలతో వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటారు. ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

ఆటోలో ఇంటికి వచ్చిన ఆ రోజు మధ్యాహ్నం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాను.

"రేపు పొద్దున్న కొట్టేస్తారట గట్టు. కూలీలని పిలిచారు" అన్నాను.

ఆయన పప్పు కలుపుకుంటూనే ఉన్నారు.

"పూచీ నాదని అందరిలో అన్నారు. ఇప్పుడు ఇంకెవరో పార పట్టుకుంటే మీరు ఇంట్లో కూర్చుంటారా?"

"నీకు తెలీదు" అన్నారు.

"తెలుసు. అత్తయ్య చెప్పారు."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు?"

"మన పెళ్ళైన కొత్తల్లోనే."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదే?"

"మీరే చెప్తారని" అన్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. నేను ఆ కంచం ముందు చాలాసేపు కూర్చున్నాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. చెప్పి మంచిపని చేశానని కూడా అనిపించింది.

పొద్దున్న నేను ఒక్కదాన్నే రేవుకి వెళ్ళాను. అప్పటికే కమిటీ దిగిపోయింది. గండి కొట్టడానికి కూడా హెడ్మాస్టారు కొబ్బరికాయా శాలువా తెచ్చారంటే నమ్మండి. మొదటి పార ఎవరు వెయ్యాలన్నదాని మీద ఆయనకీ చిలకలపూడి ఆయనకీ మాటా మాటా పెరుగుతోంది. "అధ్యక్షుడిగా నాకు..." "ట్యాంకర్లు పోయించింది నేను కదండీ!" "మంచినీళ్ళు పోయించడం కూడా ఒక గొప్పేనా?" సాయిబుగారు ఇద్దరి మధ్యా నిలబడి బిస్కెట్లు పంచుతున్నారు. నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళి ఉన్నాయి. అటవీ శాఖ అమ్మాయి గడియారం చూసుకుంటోంది.

స్కూటర్ చప్పుడైంది. మా ఆయన. కాళ్ళ దగ్గర పార.

"పక్కకి జరగండి" అన్నారు.

అందరూ జరిగారు. గట్టు వెంట అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగి, పార ఎత్తారు. గట్టు తేలిగ్గా లొంగలేదు. తనే కట్టారాయె! ఒక్కో మట్టిపెళ్ళా ఊడుతుంటే ఆయన ఒళ్ళంతా కదిలిపోతోంది. కూలీలు ముందుకొస్తే చేత్తోనే వద్దన్నారు. ముందు లోపలున్న పచ్చటి మురుగు నీరు బుడబుడమని కాలవలోకి జారిపోయింది. వాసనకి హెడ్మాస్టారు శాలువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అది తెచ్చినందుకు ఒక ప్రయోజనం కనబడింది.

తర్వాత పోటు కోసం చూడ్డమే. ఎండ ముదిరింది. ఒకరొకరే టిఫిన్లకని, షాపులకని సర్దుకున్నారు. మేమిద్దరం మిగిలాం. ఆయన గండిలోనే, ఆ కోసిన మట్టి మధ్య నిలబడి ఉన్నారు. "గట్టు మీదకి రండీ" అన్నాను. రాలేదు.

నీళ్ళు వచ్చాయి. పరిగెత్తుకుంటూ ఏం రాలేదు. సన్నగా, నురగ కూడా లేకుండా, బురద పగుళ్ళలోంచి పాకుతూ వచ్చి ఆయన వేళ్ళకి తగిలాయి. ఆయన ఉలిక్కిపడ్డారు. అయినా కదల్లేదు. చీలమండలు మునిగాయి.

"నవ్విందే" అన్నారు.

నేను గట్టు దిగి పక్కకి వెళ్ళాను.

"ముందు ఇట్టాగే కాళ్ళకి తగిలినయ్యి. కితకితలు పెడుతున్నయ్యన్నయ్యా అని నవ్వింది. నేనూ నవ్వా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి, నీళ్ళ మీదే. నీళ్ళు మా పక్కనుంచి లోపలికి వెళ్ళి ఒక్కో వరసా తడుపుకుంటూ పోతున్నాయి.

ఆ మొక్కల్లో కొన్ని పోయాయి. చాలావరకు బతికాయి. ఇప్పుడు నా నడుం దాకా వచ్చాయి, వాటి కింద చేపపిల్లలు కూడా తిరుగుతున్నాయి. మిగతా ఒడ్డంతా ఈ ఏడు నాటారు. ఈసారి గట్లు లేవు, కాలవలే. హెడ్మాస్టారు ఆటుపోట్ల గురించి ఎవరు కనబడితే వాళ్ళకి పాఠం చెబుతున్నారు, తనే కనిపెట్టినట్టు. చిలకలపూడి ఆయన కొత్త బ్యానర్ కుట్టించారు, ఈసారి గుడ్డది. ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు.

ఆ రోజు మాత్రం మధ్యాహ్నం దాటినా ఆయన ఇంటికి రానన్నారు. టీ బడ్డీ ఆవిడ తెచ్చిచ్చిన టీ చల్లారిపోయింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి నిలబడ్డాయి. "ఇక పదండీ, అన్నం వేళ దాటింది" అన్నాను. "ఉండవే, ఉండు" అన్నారు. ఏం చూస్తున్నారో నాకు అర్థం కాలేదు.

కాసేపటికి ఒక ఎండుటాకు మా ముందు నుంచి లోపలికి పోవాల్సింది ఆగింది. తిరిగింది. నెమ్మదిగా గండిలోంచి బయటికి, సముద్రం వైపుకి సాగింది. దాని వెనకే ఇంకొకటి. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు, నొప్పి పుట్టేంత గట్టిగా.

"వెళ్ళిపోతున్నయ్యే" అన్నారు. "చూడు. వచ్చిన నీళ్ళు వెళ్ళిపోతున్నయ్యి."

మోకాళ్ళ నుంచి పిక్కలకి, పిక్కల నుంచి పాదాలకి దిగేదాకా నా చెయ్యి వదలకుండా అలాగే నిలబడ్డారు. తర్వాత ఆ బురదలోనే కూర్చుండిపోయి, చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చారు. ఆ పేరు ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.